బిళ్ళలు పెట్టినా చావని పురుగు: మీ ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో ధాన్యం గోడౌన్లలో పురుగుల్ని చంపడానికి పెట్టే ఫాస్ఫీన్ గ్యాస్ (అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళల్లోంచి వచ్చేది) వాడకం గురించి రాశాం. దాని మీద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: పురుగు గ్యాస్‌కి లొంగుతుందో లేదో ల్యాబ్‌లో ఎలా తేలుస్తారు, తేలాక మనం చేయాల్సింది ఏమిటి అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. పేరు వేయొద్దన్నవాళ్ళే ఎక్కువమంది, కాబట్టి ఊరి పేర్లతో సరిపెడుతున్నాం.

ప్రశ్న: మాది రైస్ మిల్లు. ధాన్యం బస్తాల నెట్లకి (ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతరలకి) ఏటా నాలుగైదు సార్లు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు పెట్టిస్తాం. ఈమధ్య బస్తాల మీద కప్పిన పట్టా తీసిన కొద్దిరోజులకే పురుగులు మళ్ళీ తిరుగుతున్నాయి. బిళ్ళల్లో దమ్ము లేదని ఒకరంటారు, పురుగులు ముదిరిపోయాయని ఇంకొకరంటారు. ల్యాబ్‌కి పంపితే తేలిపోతుందా?
– మిర్యాలగూడ

జవాబు: సగం తేలుతుంది. మీ పురుగులు ఎలాంటివో ల్యాబ్ చెప్తుంది. మీ పట్టాకి ఎన్ని చిల్లులున్నాయో మాత్రం చెప్పదు. నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది పట్టానే, ఎందుకంటే "పురుగులు ముదిరాయి" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం గ్యాస్ కారిపోవడమే.

లెక్క చూడండి. 3 గ్రాముల బిళ్ళ పూర్తిగా కరిగితే 1 గ్రాము ఫాస్ఫీన్ వస్తుంది. టన్నుకి 3 బిళ్ళలు పెడతారు, బస్తాల్లో టన్ను ధాన్యం సుమారు రెండు ఘనపు మీటర్ల చోటు పడుతుంది. అంటే ఒక్క చుక్క గ్యాస్ కూడా బయటికి పోకపోతే లోపల వెయ్యి పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో వెయ్యి వంతుల గ్యాస్) దాకా ఉండాలి. అలా ఎక్కడా ఉండదు. వడ్ల పొట్టు గ్యాస్‌ని బాగా పీల్చేసుకుంటుంది, నేల పగుళ్ళలోంచి కొంత పోతుంది, పట్టా అంచుల మీద బరువుకి పెట్టే ఇసుక గొట్టాల మధ్య జానెడు ఖాళీ వదిలేస్తే అక్కడినుంచి మిగతాది పోతుంది. నెట్టు లోపలికి ఒక సన్నటి గొట్టం ముందే దూర్చిపెట్టి, మూడో రోజూ, ఐదో రోజూ, ఏడో రోజూ గ్యాస్ కొలిచే మీటర్‌తో రీడింగ్ తీయించండి. ఏడో రోజుకి మీటర్‌లో ఏమీ కనపడకపోతే పురుగుల్ని అనుమానించే పనే లేదు.

ఇంకో సంగతి. పురుగులు ఎప్పుడు కనపడ్డాయి అన్నదాన్ని బట్టి కూడా కొంత ఊహించొచ్చు. పట్టా తీసిన రోజే పెద్ద పురుగులు నడుస్తూ కనపడ్డాయంటే గ్యాస్ సరిపోలేదు, లేదా అవి నిజంగానే తట్టుకున్నాయి. మూడు నాలుగు వారాల తర్వాత లేత రంగు కొత్త పురుగులు వచ్చాయంటే గుడ్లూ ప్యూపాలూ (పిల్ల పురుగు పెద్ద పురుగయ్యే ముందు కదలకుండా ఉండే దశ) బతికిపోయాయి. వారం పది రోజుల్లో నెట్టు పైపైన, అంచుల్లో మాత్రమే కనపడ్డాయంటే పక్క నెట్టు నుంచో, మూలన పడేసిన పాత గోనెల నుంచో వచ్చి ఉంటాయి. ఈ మూడోది ఎవరూ పట్టించుకోరు.

ఇవన్నీ చూసుకున్నాక కూడా అనుమానం పోకపోతే, అప్పుడు శాంపిల్ పంపండి. బతికున్న పురుగులు కావాలి, నెట్టులో ఒక్క చోటు నుంచి కాకుండా నాలుగైదు చోట్ల నుంచి జల్లెడ పట్టి తీయండి. రకానికి కనీసం వంద రెండొందలుంటే ల్యాబ్ వాళ్ళకి హాయి. గాజు సీసాలో కొంచెం గింజలతో వేసి మూతికి పలచటి గుడ్డ కట్టండి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే నుసి పురుగు దాన్ని కొరుక్కుని దారిలోనే బయటికొచ్చేస్తుంది. సీసాని కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెట్టొద్దు. చివరిసారి బిళ్ళలు ఎప్పుడు పెట్టారు, ఎన్ని పెట్టారు, ఎన్ని రోజులు ఉంచారు అన్నది చీటీ రాసి అతికించండి. ఉత్తరప్రదేశ్ హాపూర్‌లో ఉన్న ధాన్యం నిల్వల పరిశోధన సంస్థ, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) లాంటి చోట్ల ఈ పనిలో అనుభవం ఉంది. మన దగ్గర బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ కోతానంతర సాంకేతిక కేంద్రం ఉంది. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి, శాంపిల్ తీసుకుంటారో లేదో కనుక్కుని పంపండి.

అక్కడ ఏం చేస్తారంటే, మీరు పంపిన పురుగుల్ని వెంటనే పరీక్షలో పెట్టరు. వాటి వయసు తెలియదు, అప్పటికే ఎంత గ్యాస్ పీల్చాయో తెలియదు. వాటితో గుడ్లు పెట్టించి, తర్వాతి తరాన్ని పెంచి, ఒకే వయసు పురుగులు వచ్చాక పరీక్షిస్తారు. అందుకే రిపోర్టుకి నెలా రెండు నెలలు పడుతుంది, విసుక్కోకండి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, అదే ఎఫ్‌ఏఓ, 1975లో ఇచ్చిన పద్ధతే ఇప్పటికీ ఆధారం. సాధారణ పురుగులన్నీ చచ్చి తీరాల్సిన ఒక హద్దు మోతాదు ఉంటుంది: నుసి పురుగుకి లీటరు గాలికి 0.03 మిల్లీగ్రాములు, ముక్కు పురుగుకీ ఎర్ర పెంకు పురుగుకీ 0.04. ఆ మోతాదులో 25 డిగ్రీల దగ్గర, 70 శాతం తేమలో 20 గంటలు ఉంచి, తీసి, 14 రోజులాగి లెక్కపెడతారు. బతికినవి ఉంటే అవి తట్టుకునే రకం.

వందలో ఒకటి బతికితే కంగారు పడొద్దు. మామూలు పురుగుల్లో కూడా పదిసార్లు పరీక్షిస్తే ఒకసారి అలా కాకతాళీయంగా జరగొచ్చు. రెండు బతకడం మాత్రం రెండొందల సార్లలో ఒకసారి కూడా జరగదు, కాబట్టి రెండు మిగిలితే నమ్మండి. ఆ తర్వాత మోతాదూ గంటలూ పెంచి ఇంకో పరీక్ష చేస్తారు, అది కొద్దిగా తట్టుకునే రకమా, గట్టి రకమా అని వేరు చేయడానికి. మీకు నిజంగా పనికొచ్చేది ఈ రెండో జవాబే. కొద్దిపాటి రకమైతే సరిగ్గా బిగించిన నెట్టులో మామూలు మోతాదుకే పోతుంది. గట్టి రకమైతే రోజులు పెంచాలి, లేదా వేరే దారి చూడాలి.

ప్రశ్న: ఎమ్మెస్సీ కీటక శాస్త్రం చదువుతున్నాను. ఎర్ర పెంకు పురుగుల మీద ఫాస్ఫీన్ పరీక్ష చేశాను. 20 గంటల తర్వాత డెసికేటర్ (పురుగుల్ని గ్యాస్‌లో ఉంచే, మూత బిగుసుకునే గాజు పాత్ర) తెరిస్తే అన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి, వంద శాతం మరణాలు అని రాసుకున్నాను. మూడో రోజుకి కొన్ని లేచి నడుస్తున్నాయి! ఇప్పుడు ఏ అంకె వేయాలి? పైగా గ్యాస్ పెట్టని డబ్బాలో కూడా కొన్ని చచ్చాయి.
– బాపట్ల

జవాబు: మొదటి అంకె కొట్టేయండి. ఫాస్ఫీన్‌తో పని చేసే ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే ఇది. ఈ గ్యాస్ తగిలితే పురుగు ముందు మత్తులోకి పోతుంది. మత్తులో పడ్డదానికీ చచ్చినదానికీ ఆ రోజు తేడా కనపడదు. కొన్ని తేరుకుంటాయి. కొన్ని తేరుకున్నట్టే లేచి, నాలుగడుగులు వేసి, వారం తర్వాత చస్తాయి. అంటే పొరపాటు రెండు వైపులా జరుగుతుంది: తొందరపడి లెక్కపెడితే బతికేవాటిని చచ్చినవాటిలో వేస్తారు, మూడో రోజు లెక్కపెడితే చావబోయేవాటిని బతికినవాటిలో వేస్తారు. 14 రోజుల నియమం పెట్టింది దీనికోసమే. ఆ రెండు వారాలూ వాటిని తిండితో, అదే వేడిలో, అదే తేమలో ఉంచి, చివర్న సన్నటి కుంచెతో తాకి చూడండి. కాలు కదిపితే బతికినట్టే లెక్క.

ఇక గ్యాస్ పెట్టని డబ్బాలో చావుల సంగతి. దానికి 1925 నాటి అబ్బాట్ సూత్రం ఉంది. గ్యాస్ పెట్టిన వాటిలో 90 శాతం, పెట్టని వాటిలో 8 శాతం పోయాయనుకోండి. 90లోంచి 8 తీసేయండి, 82 వస్తుంది. దాన్ని 100లోంచి 8 తీసేసిన 92తో భాగించండి, 89 శాతం చిల్లర వస్తుంది. అదే మీరు వేయాల్సిన అంకె. అయితే గ్యాస్ పెట్టని డబ్బాలోనే ఇరవై శాతం దాకా పోతుంటే ఏ సూత్రమూ కాపాడదు, మీ పురుగుల పెంపకంలోనే ఏదో తేడా ఉంది. పిండిలో ఈస్ట్ ఐదు శాతం కలిపారా, బూజు పట్టిందా, పురుగుల్ని గాలిగొట్టంతో పీల్చేటప్పుడు నలిపేశారా చూసుకోండి.

మీరు అడగని ఒకటి కూడా చెప్తాను, ఎందుకంటే థీసిస్ వైవాలో అడుగుతారు. మీ పక్కన సాధారణ రకం పురుగులు, అంటే ఏనాడూ గ్యాస్ ఎరగని పాత ల్యాబ్ రకం, పెట్టారా? ప్రతి పరీక్షలోనూ అదే డెసికేటర్లో పెట్టాలి. హద్దు మోతాదుకి ఆ రకం మొత్తం చావకపోతే మీ పురుగుల గురించి మాట్లాడే హక్కు మీకు లేదు, లోపల మీరనుకున్నంత గ్యాస్ లేదన్నమాట. ఇది లేకుండా రాసిన రెసిస్టెన్స్ (గ్యాస్‌ని తట్టుకునే గుణం) రిపోర్టుని నేనైతే నమ్మను, ఎంత పెద్ద పత్రికలో వచ్చినా సరే.

గ్యాస్ తగ్గడానికి కారణాలు చాలా చిన్నవి. డెసికేటర్ మీద 5 లీటర్లని రాసి ఉంటే 5 లీటర్లే అనుకోకండి, నీళ్ళు నింపి కొలవండి. 5 లీటర్లలో లీటరుకి 0.03 మిల్లీగ్రాములు రావాలంటే కావాల్సింది మొత్తం 0.15 మిల్లీగ్రాములు. 25 డిగ్రీల దగ్గర అది స్వచ్ఛమైన గ్యాస్‌లో ఒక మిల్లీలీటరులో పదో వంతు! సిరంజిలో అంత చిన్న గీత దగ్గర చెయ్యి ఒక్క పిసరు వణికితే మోతాదు ఎటో పోతుంది. అందుకే ముందు గ్యాస్‌ని పలచన చేసుకుని, ఎక్కువ పరిమాణం ఎక్కిస్తారు. మూత అంచుకి గ్రీజు సమంగా పట్టిందా, రబ్బరు బిరడా సూదిపోట్లతో తూట్లు పడిందా, రోజూ చూడండి. పురుగులతో పాటు పిండీ గింజలూ గుప్పెళ్ళకొద్దీ వేయకండి, అవి గ్యాస్ మింగేస్తాయి. తేమ కోసం ఉప్పు ద్రావణం వాడుతుంటే, మామూలు ఉప్పు 75 శాతం దగ్గర నిలబెడుతుంది, 70 కావాలంటే వేరే చూసుకోవాలి. గది వేడి 25 నుంచి 20కి పడిపోయిందా, ఫలితం మారిపోతుంది. చలికాలంలో ఏసీ లేని ల్యాబులో చేసిన పరీక్షనీ మే నెలలో చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

గ్యాస్ తయారుచేసే విధానం రాయమని కూడా అడిగారు. అది కాగితం మీద నేర్చుకునేది కాదు, రాయను. ఫాస్ఫీన్ గాలిలో సుమారు 1.8 శాతం దాటితే అంటుకుంటుంది, మనిషికి పని చేసే చోట రోజంతా మీద సగటున 0.3 పీపీఎం మించకూడదు. మీ గైడ్ పక్కన నిలబడి ఉండగా, ఫ్యూమ్ హుడ్ (విషవాయువుని బయటికి లాగేసే అర) కింద, మీటర్ ఆన్‌లో పెట్టుకునే నేర్చుకోండి. వెల్లుల్లి వాసన వస్తుందిలే, తెలుస్తుందిలే అని ఎవరైనా అంటే వినకండి. ఆ వాసన చాలావరకు గ్యాస్‌లో ఉండే మలినాలది, వాసన లేకపోయినా గ్యాస్ ఉండొచ్చు.

ప్రశ్న: పసుపు ఎగుమతి చేస్తాం. కొమ్ముల్లో చిన్న గోధుమరంగు పెంకు పురుగు వస్తోంది. 14 రోజులాగి, రెండు నెలలకి రిపోర్టు ఇస్తామంటే మా కంటైనర్ ఆగుతుందా? అక్కడికక్కడ తేల్చే పరీక్ష లేదా?
– నిజామాబాద్

జవాబు: ఉంది. పురుగు ఎంతసేపటికి చస్తుందని కాకుండా, ఎక్కువ గాఢత ఇచ్చినప్పుడు ఎన్ని నిమిషాలకి కదలడం ఆపేస్తుందని చూస్తారు. జర్మనీలో మొదలైన పద్ధతి ఇది. ఒక కంపెనీ కిట్ కూడా వచ్చింది: 3000 పీపీఎం గ్యాస్ ఉన్న పెద్ద సిరంజిలోకి పురుగుల్ని వదిలి గడియారం పట్టుకుని కూర్చుంటారు. మామూలు పురుగులు కొద్ది నిమిషాల్లో కాళ్ళు పైకెత్తేస్తాయి, తట్టుకునేవి ఇంకా తిరుగుతూనే ఉంటాయి. అరగంటలో పనైపోతుంది.

కానీ రెండు చిక్కులు. ఎన్ని నిమిషాలకి పడాలన్నది పురుగు పురుగుకీ వేరు, ఎర్ర పెంకు పురుగుకి కట్టిన లెక్కని మీ పసుపు పురుగుకి వాడితే తప్పు జవాబు వస్తుంది. మీ వర్ణన చూస్తే అది సిగరెట్ బీటిల్ అయినా కావాలి, డ్రగ్‌స్టోర్ బీటిల్ అయినా కావాలి. రెండూ పసుపులో ఉంటాయి, చూడటానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. రెక్కల మీద నిలువు గీతలు స్పష్టంగా ఉంటే రెండోది, నున్నగా ఉంటే మొదటిది. భూతద్దంతో చూస్తే మీకే తెలుస్తుంది. రెండో చిక్కు, ఈ పరీక్ష గట్టి రకాన్ని బాగానే పట్టిస్తుంది గానీ కొద్దిగా తట్టుకునేవాటి దగ్గర తడబడుతుంది. కాబట్టి కంటైనర్ ముందు నిలబడి నిర్ణయం తీసుకోవడానికి ఇది చాలు, ఏటా మీ సరుకు ఎటు పోతోందో తెలుసుకోవడానికి మాత్రం పాత పద్ధతే కావాలి. సీజన్ లేనప్పుడు శాంపిల్ పంపుకోండి, ఎవరు వద్దన్నారు?

ప్రశ్న: బియ్యం డ్రమ్ములో పురుగులు. మా బావగారు గోడౌన్లో పని చేస్తారు, రెండు బిళ్ళలు ఇస్తానన్నారు. గుడ్డలో కట్టి పెట్టొచ్చా?
– కాకినాడ

జవాబు: వద్దమ్మా. బావగారికి గట్టిగా చెప్పండి, ఆ బిళ్ళ జేబులో పెట్టుకుని ఇంటికి రావడమే ప్రమాదమని. అది గాలిలో తేమ తగిలితే చాలు, గ్యాస్ వదులుతుంది. డ్రమ్ములోంచి పడకగదిలోకి వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. ఇలా ఇళ్ళల్లో పెట్టుకుని, పక్క వాటాలో పెట్టినా కూడా, పిల్లలు చనిపోయిన సంఘటనలు మన దేశంలో జరిగాయి. మామూలు జనానికి దీన్ని అమ్మకూడదన్న నిబంధన ఉన్నది ఊరికే కాదు. బియ్యాన్ని జల్లించి, నీడలో ఆరబెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పోయండి. ఫ్రిజ్ పెద్దదైతే ఐదేసి కిలోల చొప్పున డీప్ ఫ్రీజర్లో వారం ఉంచి తీయండి, గుడ్లతో సహా పోతాయి.

ప్రశ్న: దోమలకి మందు అలవాటైపోయినట్టు ఈ పురుగులకీ గ్యాస్ అలవాటైపోతుందా? విషవాయువుకి అలవాటు పడటం ఎలా సాధ్యం?
– ఖమ్మం

జవాబు: ఏ పురుగూ అలవాటు పడదండీ. అలవాటు పడే లోపే చస్తుంది. వేలల్లో ఏ ఒక్కదానికో పుట్టుకతోనే ఒక జన్యువు కొంచెం తేడాగా ఉంటుంది, అది బతుకుతుంది, దాని పిల్లలే గోడౌన్ నిండుతాయి. అంతే కథ.

ఆ జన్యువు ఏదో చాలా ఏళ్ళు తెలియలేదు. 2012లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ శాస్త్రవేత్తల బృందం సైన్స్ పత్రికలో బయటపెట్టింది. అది డైహైడ్రోలిపోమైడ్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్ జన్యువు. పేరు నోరు తిరగదు గానీ పని మాత్రం ప్రతి జీవకణంలోనూ జరిగేదే, తిన్నదాన్ని శక్తిగా మార్చే దారిలో ఒక మెట్టు. ఎర్ర పెంకు పురుగులోనూ నుసి పురుగులోనూ, అంటే రెండు వేర్వేరు జాతుల్లో, అదే జన్యువు మారి ఉంది. ఫాస్ఫీన్ ఊపిరితో, శక్తి తయారీతో ముడిపడి చంపే గ్యాస్ కాబట్టి ఇది అర్థమయ్యే విషయమే. ఆక్సిజన్ లేని చోట ఫాస్ఫీన్ పురుగుని సరిగా చంపలేదన్నది కూడా ఇలాంటిదే.

దీనికి తోడు ఇంకో జన్యువు ఉంది. అది ఒక్కటీ మారితే పురుగు కొద్దిగా తట్టుకుంటుంది, రెండూ కలిస్తేనే గట్టి రకం అవుతుంది. పైగా తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే ఆ శక్తి పూర్తిగా బయటపడుతుంది. ఒకవైపు నుంచి మాత్రమే వచ్చినవి సరైన మోతాదుకి చస్తాయి, చిల్లుల పట్టా కింద అరకొర గ్యాస్‌కి మాత్రం బతికిపోతాయి. బతికి, వాటిలో అవి జత కట్టి, తర్వాతి తరంలో గట్టి పురుగుల్ని కంటాయి. 1980ల మొదట్లో బంగ్లాదేశ్ ఆహార గోదాముల్లో జరిగింది ఇదే. సరిగా మూయకుండా, మళ్ళీ మళ్ళీ గ్యాస్ పెట్టడం వల్ల పురుగులు లొంగకుండా పోయాయని అప్పుడే పరిశోధకులు రాశారు. అంతకు ముందు 1972-73లో ఎఫ్‌ఏఓ 82 దేశాల నుంచి పురుగులు తెప్పించి పరీక్షిస్తే ఫాస్ఫీన్‌ని తట్టుకునేవి దాదాపు పది శాతం నమూనాల్లో కనపడ్డాయి. మనం మేలుకోవడానికి యాభై ఏళ్ళ టైమ్ ఇచ్చారన్నమాట.

జన్యువు దొరకడం వల్ల ఒక లాభం జరిగింది. ఇప్పుడు చచ్చిన పురుగు మీద కూడా పరీక్ష చేయొచ్చు. స్పిరిట్‌లో వేసి పంపినా, ఒక్కో పురుగులోంచి డీఎన్ఏ తీసి తేడా ఉందో లేదో చూస్తారు. అలాగని గ్యాస్ పరీక్ష మూలపడదు. మనకి తెలియని ఇంకో జన్యువేదైనా మారితే డీఎన్ఏ పరీక్ష దాన్ని చూడలేదు, గ్యాస్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న: నేను ఇక్కడ ధాన్యం నిల్వ కంపెనీలో పని చేస్తున్నాను. మా సైలోలో (ధాన్యం పోసి ఉంచే పెద్ద గోపురం లాంటి కట్టడం) రస్టీ గ్రెయిన్ బీటిల్ అనే చిన్న ధాన్యం పురుగు ఫాస్ఫీన్‌కి చావట్లేదని సల్ఫ్యూరిల్ ఫ్లోరైడ్ అనే వేరే గ్యాస్‌కి మారారు. దానికీ రెసిస్టెన్స్ వస్తే ఏంటి పరిస్థితి?
– బ్రిస్బేన్, ఆస్ట్రేలియా

జవాబు: మీరున్న చోట 2007లోనే ఆ పురుగులో గట్టి రకం పట్టుకున్నారు. పట్టుకోగలిగింది ఏటా పొలాల నుంచీ సైలోల నుంచీ శాంపిళ్ళు తెచ్చి పరీక్షించే అలవాటు ఉండబట్టి. ఆ క్రమశిక్షణ చూస్తే నాకు అసూయగానే ఉంటుంది. సల్ఫ్యూరిల్ ఫ్లోరైడ్ వేరే దారిలో చంపుతుంది, ఫాస్ఫీన్‌కి లొంగనిది దీనికి లొంగుతుంది, అందుకే మధ్యమధ్యలో దీన్ని వాడి గట్టి పురుగుల్ని ఊడ్చేస్తారు. దీని బలహీనత గుడ్లు. పెద్ద పురుగు సులువుగా పోతుంది, గుడ్డుని చంపాలంటే చాలా ఎక్కువ కావాలి. కాబట్టి దీనికి రెసిస్టెన్స్ పరీక్ష చేసేటప్పుడు పెద్ద పురుగులతో సరిపెట్టుకుంటే అసలు సంగతి దాగిపోతుంది, గుడ్ల మీద చేసి, ఎన్ని పొదిగాయో లెక్కపెట్టాలి. మీ ల్యాబ్ వాళ్ళని అది చేస్తున్నారా అని అడగండి. పురుగుల్ని చంపే పాత గ్యాస్ మిథైల్ బ్రోమైడ్ ఉందిగా అంటారేమో, ఓజోన్ పొర కోసం మాంట్రియల్ ఒప్పందం కింద సంపన్న దేశాలు 2005కి, మిగతావి 2015కి దాన్ని మానేశాయి. ప్రధానంగా క్వారంటైన్, ఎగుమతి ముందు పనులకి మినహాయింపు మిగిలింది.

ప్రశ్న: గోడౌన్ సూపర్‌వైజర్‌ని. ల్యాబ్‌లో 0.03 మిల్లీగ్రాములకే చస్తున్నాయంటున్నారు. మేం టన్నుకి మూడు బిళ్ళలు పెట్టి ఏడు రోజులు ఎందుకు ఉంచాలి? లారీలు ఆగిపోతున్నాయి. ఆరు బిళ్ళలు పెట్టి మూడు రోజుల్లో తీసేస్తే సరిపోదా?
– గుంటూరు

జవాబు: సరిపోదు. ల్యాబ్ హద్దు మోతాదుకి నెట్టులో లెక్క ప్రకారం ఉండాల్సింది సుమారు యాభై రెట్లు, నిజమే. కానీ ల్యాబ్‌లో పెట్టింది గాజు పాత్రలో, గింజలు లేకుండా, పెద్ద పురుగుల్ని మాత్రమే. మీ బస్తాలో గింజ లోపల గుడ్లున్నాయి, ప్యూపాలున్నాయి. ఆ రెండు దశలూ ఊపిరి తక్కువ పీలుస్తాయి, గ్యాస్ కూడా తక్కువే పీలుస్తాయి. అవి తర్వాతి దశకి మారేదాకా గ్యాస్ లోపల కాచుకుని ఉండాలి. రోజులు కావాల్సింది అందుకే. ల్యాబ్ అంకె తట్టుకునే రకాన్ని కనిపెట్టడానికి గీసిన గీత, గోడౌన్‌లో వాడే మోతాదుని గుడ్లూ పిల్లలూ అన్నీ కలిసిన గింజల మీద వేరే పరీక్షలు చేసి నిర్ణయిస్తారు.

ఫాస్ఫీన్‌తో గాఢత రెట్టింపు చేస్తే టైమ్ సగం అవుతుందన్న లెక్క పని చేయదు. మరీ ఎక్కువ గాఢతలో పురుగు మత్తులో పడి, గ్యాస్ పీల్చడం తగ్గించేస్తుంది, అంటే మీరు ఎక్కువ పెట్టి దాన్ని కాపాడినట్టు. పైగా బిళ్ళ మొత్తం కరిగి గ్యాస్ వదలడానికే రెండు మూడు రోజులు పడుతుంది, చలికాలంలో, పొడి గాలిలో ఇంకా ఎక్కువ. మూడో రోజు పట్టా తీస్తే మీ వాళ్ళ ముఖం మీదికే గ్యాస్ కొడుతుంది, కరగని బిళ్ళల పొడి చేతికంటుతుంది. ఆస్ట్రేలియాలో బిగించిన సైలోలకి చెప్పేది 300 పీపీఎం తగ్గకుండా ఏడు రోజులు, లేదా 200 పీపీఎం తగ్గకుండా పది రోజులు. ఏ లెక్కలోనూ మూడు రోజులు లేవు.

లారీల టెన్షన్ నాకు అర్థమవుతుంది. దానికి దారి ఏమిటంటే, అన్ని నెట్లకీ ఒకేసారి గ్యాస్ పెట్టకుండా, పోవాల్సిన సరుకుని ముందే విడిగా కట్టి, దాని వారం లెక్క ముందు నుంచే మొదలెట్టండి. పట్టా తీసే రోజు తలుపులు తెరిచి, మీటర్ 0.3 పీపీఎం కిందికి దిగినట్టు చూపించాకే హమాలీలని లోపలికి పంపండి. లోపల కరెంటు ప్యానెల్ ఉంటే గ్యాస్ పెట్టకముందే దాన్ని కప్పించండి, ఫాస్ఫీన్ రాగి తీగల్ని తినేస్తుంది, తర్వాత తూకం మెషీన్ పని చేయట్లేదని నన్నడిగితే నేనేం చేయలేను.